పాత మోటో జీ (2013)లో నెట్, జీమెయిల్ పెట్టుకోవడం: ఎయిర్‌టెల్ సిమ్, హైదరాబాద్

మల్కాజిగిరి_మేడ

నాన్నగారి ఫోను మొదటి తరం మోటో జీ, ఆండ్రాయిడ్ 5.1. కొత్తది వద్దంటున్నారు. ఆయన అవసరం కూడా చిన్నదే: జీమెయిల్‌లో వచ్చేవి చదవడం, ఒకటీ అరా జవాబివ్వడం, ఎప్పుడైనా పేపరు వెబ్‌సైటు చూడటం. ఫోను రీసెట్ చేశాక నాలుగు చోట్ల ఆగిపోయాను.

ఎయిర్‌టెల్ సిమ్‌కి సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి కానీ పక్కన "ఈ" అని మాత్రమే వస్తోంది, పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఫైబర్ వైఫై ఉంది, దాని పేరు ఈ ఫోనులో అసలు కనపడదు. నా ఫోను హాట్‌స్పాట్ ఇస్తే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటాయి. ఈమెయిల్ యాప్‌లో పాస్‌వర్డ్ సరిగ్గానే కొట్టినా తప్పు అంటుంది, అదే పాస్‌వర్డ్ కంప్యూటర్లో పనిచేస్తోంది.

ఏది ముందు సరిచేయాలి? ఇంట్లో నోకియా ఈ63 కూడా ఒకటి ఉంది, దానితో పని జరుగుతుందన్నా సరే.

సిగ్నల్_స్తంభం

ముందు నెట్‌వర్క్ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే దానికి సెట్టింగ్స్‌లో మందు లేదు. మీ మోటో జీ 3జీ ఫోను. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీ ఆపేసి ఆ స్పెక్ట్రమ్‌ను 4జీకి మళ్లించింది. 4జీ మీ ఫోనుకు రాదు, 3జీ టవర్లో లేదు, కాబట్టి దొరికేది 2జీ ఒక్కటే. ఆ "ఈ" అంటే ఎడ్జ్, 2జీలో నెట్ నడిపే పద్ధతి. జియో సిమ్ వేద్దామనుకోకండి, వాళ్లకు 2జీ, 3జీ అసలు లేవు, ఫోను నెట్‌వర్క్‌నే పట్టదు. బీఎస్ఎన్ఎల్ కూడా 4జీ వైపు మారుతోంది, దాని 3జీని నమ్ముకుని సిమ్ మార్చడం దండగ.

ఎడ్జ్ వేగం కాగితం మీద సెకనుకు 236 కిలోబిట్లు. రద్దీ ఉన్న చోట 100 వచ్చినా గొప్పే, ఎందుకంటే 2జీలో కాల్స్‌కే మొదటి పీట, మిగిలిన ఖాళీలే డేటాకు. ఆ లెక్కన 15 కిలోబైట్ల మామూలు మెయిల్ రెండు సెకన్లలో దిగుతుంది, 3 ఎంబీ ఫొటోకు నాలుగు నిమిషాలు పడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ నెట్ ఆగిపోతుంది, అది ఫోను లోపం కాదు. మెయిల్ చదవడానికి ఎడ్జ్ చాలు. పేపరు సైటుకు చాలదు, దానికి వైఫై చూసుకోవాలి.

ఎడ్జ్ కూడా కదలడం లేదంటే ఈ వరుసలో చూడండి.

రీఛార్జ్ ఏ ప్యాక్? 2025 జనవరి నుంచి కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు వచ్చాయి. పెద్దవాళ్ల సిమ్‌కి చవకని అవి వేస్తుంటారు, వాటిలో డేటా ఉండదు. ప్యాక్ సరైనదే అయితే ఆ సిమ్ నుంచి "స్టార్ట్" అనే ఇంగ్లిష్ మాటను 1925కి ఎస్ఎంఎస్ చేయండి. డేటా సేవ ఆపేసి ఉన్న సిమ్‌లో దాన్ని తెరిచే నంబరు అదే, అన్ని కంపెనీలకూ ఒకటే, ఖర్చు లేదు.

ఆ తర్వాత ఏపీఎన్, అంటే ఫోను కంపెనీ నెట్‌లోకి వెళ్లే ద్వారం పేరు. సెట్టింగ్స్, మోర్, సెల్యులార్ నెట్‌వర్క్స్, యాక్సెస్ పాయింట్ నేమ్స్. అక్కడ ఏపీఎన్ గడిలో ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్ అని ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేకుండా. ప్రాక్సీ, పోర్టు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీ. ఏపీఎన్ టైపులో "డిఫాల్ట్". ఎంసీసీ (దేశం అంకె) 404, ఎంఎన్‌సీ (కంపెనీ అంకె) 49 అని దానంతటదే వచ్చి ఉంటుంది (మన ఆంధ్ర, తెలంగాణ సర్కిల్ ఎయిర్‌టెల్ అంకె అది, బెంగళూరులో తీసుకున్న సిమ్‌కి 45 ఉంటుంది). వాటిని ముట్టుకోవద్దు. ముట్టుకుంటే సేవ్ చేసిన మరుక్షణం ఆ ఏపీఎన్ జాబితాలోంచి మాయమైపోతుంది, జనం మళ్లీ మళ్లీ కొడుతూ కూర్చుంటారు. పైన మూడు చుక్కలు నొక్కి సేవ్ చేసి, బయటికొచ్చాక దాని పక్కనున్న గుండ్రం నొక్కి ఎంచుకోవాలి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు.

చివరగా అదే మెనూలో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ 2జీ చేయండి. 3జీ మీద వదిలేస్తే లేని 3జీ కోసం ఫోను రోజంతా వెతుకుతుంది, బ్యాటరీ దానికే సరిపోతుంది.

కోఠి_గల్లీ

అన్నా, వైఫై పేరు కనపడ్తలేదంటే రౌటర్‌ల 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఒక్కటే నడుస్తున్నట్టు. మోటో జీ 2.4 తప్ప ఇంకోటి పట్టది. రౌటర్ లోపటికి పోయి 2.4 ఆన్ చెయ్యి. అడ్రస్ శానా వాటికి 192.168.1.1, కాకుంటే కింద స్టిక్కర్ మీద రాసుంటది. రెండిటికీ ఒక్కటే పేరు పెట్టకు, 2.4కి వేరే పేరు పెట్టు. సెక్యూరిటీ (వైఫై తాళం రకం) డబ్ల్యూపీఏ2 పీఎస్‌కే, ఏఈఎస్. డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పేరు కనపడ్తది గని కనెక్ట్ కాదు, పాస్‌వర్డ్ తప్పని అబద్ధం చెప్తది. ఛానల్ 1, 6, 11లల్ల ఏదో ఒకటి పెట్టు. ఆటోల పెడితే ఒక్కోసారి 12, 13కి పోతది, గప్పుడు కొన్ని పాత ఫోన్లకు పేరే దొరకది. ఇంట్ల మిగిలిన ఫోన్ల సెట్టింగ్ కదపొద్దనుకుంటే గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి తీసి ఇవన్నీ దానికే పెట్టు.

బయటికి పోయినప్పుడు మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే, అండ్ల బ్యాండ్ 2.4 అని ఎంచుకో. కొన్నిట్ల "ఎక్స్‌టెండ్ కంపాటిబిలిటీ" అని ఉంటది, ఐఫోన్ల "మ్యాక్సిమైజ్ కంపాటిబిలిటీ" అని ఉంటది. పని అదే.

ఇంకోటి, బ్యాటరీ. 2జీల ఫోను సిగ్నల్ పంపేటప్పుడు ఒక్కసారే గట్టిగ కరెంటు గుంజుతది. ముసలి బ్యాటరీ ఆ దెబ్బకు తట్టుకోక 30 శాతం చూపిస్తనే ఫోన్ ఆగిపోతది, జనం సాఫ్ట్‌వేర్ అనుకుంటరు. మోటో జీది 2070 ఎంఏహెచ్. వెనక మూత ఊడ్తది గని బ్యాటరీ స్క్రూల కిందుంటది, చేత్తోని రాదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్ల వేయించొచ్చు, గని పెట్టే ముందు బ్యాటరీ మీద తయారీ తేదీ సదువు. కొత్తదని ఏండ్ల కింద తయారైంది అంటగడ్తరు. వాడకపోయినా లిథియం బ్యాటరీ ముసల్దయితది.

అక్షింతలు_వద్దు

మెయిల్ పాస్‌వర్డ్ సంగతి: ఈమెయిల్ యాప్‌లో సెక్యూరిటీ దగ్గర "ఎస్ఎస్ఎల్ (అన్ని సర్టిఫికెట్లనూ అంగీకరించు)" అని ఒకటి ఉంటుంది. అది పెడితే పాత ఫోన్లలో సమస్య పోతుంది.

డాకియా

పైన చెప్పింది దయచేసి చేయకండి. ఆ ఆప్షన్ పెడితే అవతల ఉన్నది గూగులా, మధ్యలో కూర్చున్న ఇంకెవరైనానా అని ఫోను అడగడం మానేస్తుంది. పైగా ఇక్కడ జబ్బు అది కాదు. గూగుల్ సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు కార్డు లాంటిది) పాత గ్లోబల్‌సైన్ రూటు (ఫోను ముందే నమ్మే మూల సర్టిఫికెట్) మీద కూడా నిలబడుతుంది. ఆ రూటు మీ ఫోనులో ఉంది, గడువు 2028 జనవరి 28 దాకా ఉంది.

అసలు కారణం వేరు. 2022 మే 30 నుంచి గూగుల్ మామూలు పాస్‌వర్డ్‌తో బయటి మెయిల్ యాప్‌లను రానివ్వడం మానేసింది. పాస్‌వర్డ్ సరైనదే అయినా "తప్పు" అనే జవాబే వస్తుంది. దానికి యాప్ పాస్‌వర్డ్, అంటే ఆ యాప్ కోసం గూగుల్ ఇచ్చే విడి పాస్‌వర్డ్ కావాలి. కంప్యూటర్లో నాన్నగారి గూగుల్ అకౌంట్ తెరిచి, సెక్యూరిటీలో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఓటీపీ ఆయన నంబరుకే పెట్టుకోవచ్చు, ఎస్ఎంఎస్ 2జీలోనూ వస్తుంది. అక్కడే పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, ప్రింటు తీసి బీరువాలో పెట్టండి. తర్వాత ఆ అకౌంట్ పేజీ వెతుకు పెట్టెలో "యాప్ పాస్‌వర్డ్స్" అని వెతకండి, మెనూల్లో అది కనపడకుండా దాక్కుని ఉంటుంది. ఫోనుకు ఒక పేరిస్తే 16 అక్షరాలు నాలుగు ముక్కలుగా చూపిస్తుంది. ఒక్కసారే చూపిస్తుంది. కొట్టేటప్పుడు మధ్య ఖాళీలు అక్కర్లేదు. గూగుల్ పాస్‌వర్డ్ ఎప్పుడు మార్చినా ఈ యాప్ పాస్‌వర్డ్ రద్దవుతుంది, మళ్లీ కొత్తది తీయాలి. ఆరు నెలల తర్వాత ఉన్నట్టుండి మెయిల్ ఆగిపోతే మొదట అడగాల్సిన ప్రశ్న "ఎవరైనా పాస్‌వర్డ్ మార్చారా?" అనేదే.

ఫోనులో ఉన్న పాత ఈమెయిల్ యాప్‌ను పక్కన పెట్టి కే-9 మెయిల్ అనే యాప్ 6 వరుసలోని వెర్షన్ వేయండి, అది ఆండ్రాయిడ్ 5.0 నుంచి నడుస్తుంది. ప్లే స్టోర్ సతాయిస్తే ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్) ఫైలును కంప్యూటర్లో ఎఫ్-డ్రాయిడ్ సైటు నుంచి దింపి, యూఎస్‌బీ కేబుల్‌తో ఫోనులోకి ఎక్కించి, సెక్యూరిటీలో "అన్‌నోన్ సోర్సెస్" ఆన్ చేసి వేయొచ్చు. పని అయ్యాక దాన్ని ఆఫ్ చేయడం మరవకండి.

కే-9 జీమెయిల్ అడ్రస్ చూడగానే బ్రౌజర్ తెరిచి గూగుల్ లాగిన్‌కి తీసుకెళ్తుంది. పాత బ్రౌజర్లో అది ముందుకు కదలకపోవచ్చు. అందుకని మాన్యువల్ సెటప్‌లోకి వెళ్లి ఇవి కొట్టండి (అన్నీ ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో):

వచ్చే మెయిల్: ఐఎంఏపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, సెక్యూరిటీ ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, పోర్టు 993
వెళ్లే మెయిల్: ఎస్ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, పోర్టు 465 (స్టార్ట్‌టీఎల్ఎస్ పెడితే 587)
ఆథెంటికేషన్: రెండిటికీ నార్మల్ పాస్‌వర్డ్
యూజర్ నేమ్: పూర్తి మెయిల్ అడ్రస్, రెండిటికీ
పాస్‌వర్డ్: ఆ 16 అక్షరాలు, రెండిటికీ

పోర్టు, సెక్యూరిటీ జత తప్పితే ఎర్రర్ కూడా రాదు, "కనెక్ట్ అవుతోంది" అంటూ కూర్చుంటుంది. 465 పెట్టి స్టార్ట్‌టీఎల్ఎస్ ఎంచుకున్నవాళ్లకు జరిగేది అదే. "జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఐఎంఏపీ ఆన్ చేయండి" అని పాత వ్యాసాల్లో ఉంటుంది. 2025 జనవరి నుంచి అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఆ మీట కనపడలేదని కంగారు పడొద్దు.

ఎడ్జ్ మీద వాడతారు కాబట్టి అకౌంట్ సెట్టింగ్స్‌లో మెసేజ్ సైజు పరిమితి 32 కిలోబైట్లు, ఫోల్డర్‌కు 25 మెయిల్స్, గంటకోసారి చూడటం, పుష్ (మెయిల్ రాగానే దానంతటదే దిగడం) ఆఫ్, బొమ్మలు దానంతటవే దిగకుండా. జతచేసిన ఫైళ్లు వైఫైలోకి వచ్చాక నొక్కి దింపుకుంటారు. "పంపిన మెయిల్స్ సర్వర్‌కు ఎక్కించు" అనేది ఆఫ్ చేయండి. జీమెయిల్ తనే సెంట్‌లో దాచుకుంటుంది, మీరూ ఎక్కిస్తే ప్రతి మెయిలూ రెండేసి కనపడుతుంది, ఎడ్జ్ మీద రెండుసార్లు పంపినట్టవుతుంది.

యాహూ అయినా పద్ధతి ఇదే, యాప్ పాస్‌వర్డ్‌తో నడుస్తుంది. ఔట్‌లుక్, హాట్‌మెయిల్ మాత్రం 2024 సెప్టెంబర్ 16 నుంచి పాస్‌వర్డ్‌తో లాగిన్‌ను పూర్తిగా మూసేశాయి, వాటికి ఈ దారి లేదు.

మల్కాజిగిరి_మేడ

కోఠి అన్నా, గెస్ట్ నెట్‌వర్క్ పెట్టగానే పేరు వచ్చింది. డాకియా గారూ, మెయిల్ వచ్చేసింది, పంపితే వెళ్తోంది కూడా. ఎడ్జ్ మీద నెమ్మదే కానీ నాన్నగారికి ఆ తొందర లేదు. ఇక "కనెక్షన్ ప్రైవేట్ కాదు" ఒక్కటే మిగిలింది. ఈ63 సంగతి కూడా చెబితే అది తీసిపెట్టాలో అమ్మేయాలో చూసుకుంటాను.

సిగ్నల్_స్తంభం

మొదట తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ఫోను తేదీని ఏళ్ల వెనక్కి తోసేస్తుంది, అప్పుడు ప్రతి సర్టిఫికెట్టూ "ఇంకా మొదలుకాలేదు" అనిపిస్తుంది. మీ దగ్గర కొన్ని సైట్లే ఆగుతున్నాయి కాబట్టి తేదీ సరిగ్గానే ఉండొచ్చు, అయినా ఆటోమేటిక్‌లో పెట్టండి.

అసలు దోషి లెట్స్ ఎన్‌క్రిప్ట్ (సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే సంస్థ) సర్టిఫికెట్లు. వాటి రూటు ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోనులో ఉంటుంది. అంతకుముందు ఫోన్లను ఒక పాత రూటు సంతకంతో నెట్టుకొచ్చారు, ఆ ఏర్పాటు 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది. చిన్నా పెద్దా సైట్లు లెక్కలేనన్ని దాని మీదే ఉన్నాయి.

మందు ఉంది. కంప్యూటర్లో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత సైటుకే వెళ్లి (ఇంకెక్కడి నుంచీ తీసుకోవద్దు) ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 ఫైలును డీఈఆర్ రూపంలో దింపండి. పేరు చివర సీఆర్‌టీ అని మార్చి ఫోను స్టోరేజ్‌లోకి ఎక్కించండి. సెట్టింగ్స్, సెక్యూరిటీ, "స్టోరేజ్ నుంచి ఇన్‌స్టాల్". ఒక పేరివ్వండి, వాడకం దగ్గర "వీపీఎన్, యాప్స్" ఉంచండి. స్క్రీన్ లాక్ పిన్ పెట్టమంటుంది, తప్పదు. తర్వాత అదే సెక్యూరిటీలో ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్, యూజర్ అనే చోట అది కనపడాలి. నొక్కితే గడువు 2035 జూన్ 4 అని ఉండాలి. లేకపోతే అది వేరే ఫైలు, తీసేయండి.

ఇకనుంచి పైన "నెట్‌వర్క్‌ను ఎవరైనా గమనిస్తూ ఉండొచ్చు" అనే నోటీసు వేలాడుతూ ఉంటుంది. బయటి సర్టిఫికెట్ ఏది వేసినా ఆండ్రాయిడ్ అలాగే అరుస్తుంది. నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఫోనులో దొంగలు పడ్డారనుకుంటారు. ఈ ఫోనుకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగి ఏళ్లయింది కాబట్టి యూపీఐ, బ్యాంకు యాప్‌లు మాత్రం ఇందులో వద్దు. ఈ మందు సర్టిఫికెట్ల సమస్య వరకే.

డాకియా

ఈ63 మీద నెట్ సులువే, మెయిల్ కష్టం.

నెట్‌కి: మెనూ, టూల్స్, సెట్టింగ్స్, కనెక్షన్, యాక్సెస్ పాయింట్స్, ఆప్షన్స్, కొత్త యాక్సెస్ పాయింట్. డేటా బేరర్ "ప్యాకెట్ డేటా", ఏపీఎన్ అదే ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. అప్పట్లో వచ్చిన ఎయిర్‌టెల్ లైవ్ సెట్టింగ్ అందులో మిగిలి ఉంటే, ప్రాక్సీ 100.1.200.99, పోర్టు 8080 అని ఉంటుంది. దాన్ని మొత్తంగా తీసేయండి, ఫోను దాన్నే పట్టుకుని వేలాడుతుంది. నానో సిమ్‌ను అడాప్టర్లో పెట్టి వేస్తారు కాబట్టి, ఖాళీ అడాప్టర్‌ను ఎప్పుడూ లోపలికి తోయకండి. బయటికి లాగేటప్పుడు సిమ్ పిన్నులు దాని కన్నంలో ఇరుక్కుని వంగిపోతాయి.

మెయిల్‌కి పాత సలహా ఒపెరా మినీ బ్రౌజర్లో జీమెయిల్ తెరవమనేది. 2024లో గూగుల్ జీమెయిల్ తేలికపాటి పేజీని (బేసిక్ హెచ్‌టీఎంఎల్ రూపాన్ని) తీసేశాక ఆ దారి మూసుకుపోయినట్టే. లోపలున్న మెసేజింగ్‌లో మెయిల్‌బాక్స్ పెట్టొచ్చు, కానీ దానికి తెలిసిన పాత గుప్తీకరణ పద్ధతి టీఎల్ఎస్ 1.0ను చాలా మెయిల్ సర్వర్లు ఇప్పుడు గుమ్మం దగ్గరే ఆపేస్తాయి.

ఒక్క ఉపాయం ఉంది, ఇంటి వైఫైకే పరిమితం. ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్ప్‌బెరీ పై (చిన్న కంప్యూటర్) గానీ పాత ల్యాప్‌టాప్ గానీ ఉంటే అందులో స్టన్నెల్ (మధ్యలో ఉండి గుప్తీకరణ చేసే ప్రోగ్రాం) వేయండి. క్లయింట్ మోడ్‌లో రెండు సర్వీసులు: ఇంట్లో 1143 పోర్టు దగ్గర విని జీమెయిల్ ఐఎంఏపీ 993కి కలపడం, 1025 దగ్గర విని ఎస్ఎంటీపీ 465కి కలపడం. కొత్త టీఎల్ఎస్ పని అది చూసుకుంటుంది. వెరిఫై చెయిన్, చెక్ హోస్ట్ రెండూ తప్పక ఆన్ చేయండి, స్టన్నెల్ మామూలుగా అవతలి సర్టిఫికెట్‌ను పరీక్షించదు. ఈ63లో సర్వర్ అడ్రస్ దగ్గర ఆ కంప్యూటర్ ఐపీ, పోర్టులు 1143, 1025, సెక్యూరిటీ ఆఫ్, పాస్‌వర్డ్ యాప్ పాస్‌వర్డే. వెళ్లే మెయిల్‌కి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ విడిగా కొట్టాలి, ఖాళీగా వదిలితే మెయిల్స్ వస్తాయి కానీ పోవు. ఫోనుకీ ఆ కంప్యూటర్‌కీ మధ్య పాస్‌వర్డ్ గుప్తీకరణ లేకుండానే నడుస్తుంది కాబట్టి రౌటర్లో ఈ పోర్టులను బయటికి తెరవొద్దు. ఫోను గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉంటే ఇంటి కంప్యూటర్ దానికి కనపడదు, ఈ63ని అసలు నెట్‌వర్క్‌లోనే ఉంచాలి.

ఇంత చేయాలా అంటే, మెయిల్ కోసం మాత్రం వద్దు. నాన్నగారికి మోటో జీ చాలు. ఈ63ని కాల్స్‌కి ఉంచుకోండి, ఆ కీప్యాడ్ ఇప్పుడు కొందామన్నా దొరకదు.

కోఠి_గల్లీ

ఈ63ని అమ్మొద్దన్నా. దాని బ్యాటరీ బీపీ-4ఎల్, 1500 ఎంఏహెచ్, చేత్తోనే ఊడి వస్తది. తీసి అద్దం బల్ల మీద పెట్టి తిప్పు. బొంగరం లెక్క తిరిగిందంటే ఉబ్బినట్టే, ఇంక ఛార్జింగ్ పెట్టకు. ఈ71, ఈ72లకు కూడా అదే బ్యాటరీ కాబట్టి కోఠి గుజరాతీ గల్లీల అడిగితే దొరుకుతది. ఛార్జర్ మాత్రం సన్న పిన్నుది, 2 మిల్లీమీటర్లది అడుగు, దొడ్డు పిన్ను దీనికి పట్టది.

మల్కాజిగిరి_మేడ

సర్టిఫికెట్ ఎక్కింది, 2035 అనే ఉంది. పేపరు సైటు గెస్ట్ వైఫైలో తెరుచుకుంటోంది. ఒక చిన్న సందేహం: నిన్న పంపిన మెయిల్ సెంట్‌లో రెండుసార్లు ఉంది.

డాకియా

అది ఆ ఆప్షన్ ఆఫ్ చేయకముందు పంపినది అయ్యుంటుంది. రెండోదాన్ని కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి తీసేయండి, ఫోనులో తీస్తే ఎడ్జ్ మీద సింక్ అయ్యేదాకా మళ్లీ మళ్లీ కనపడుతుంది.